పాత ఇంటికి ఏసీ: పెంకుటిళ్లు, మండువా ఇళ్లు, పాత డాబాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాది పచ్చడి తిన్న మర్నాటి నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్లకు వైరింగు చేయడం, ఏసీలు బిగించడం నా పని. కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్లు ఏ కంపెనీ మంచిదని అడిగి ఊరుకుంటారు. తాతల నాటి ఇంట్లో ఉన్నవాళ్ల అనుమానాలు వేరు: గోడ ఆగుతుందా, పెంకుల కింద చల్లదనం నిలుస్తుందా, మీటరు తట్టుకుంటుందా. నరసన్నపేటలో అడిగిందే చీపురుపల్లిలోనూ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనాలా వద్దా అనుకునేటప్పుడు

మాది పెంకుటిల్లు. అసలు ఏసీ పెట్టొచ్చా, డబ్బులు దండగా?

పెట్టొచ్చు, కానీ ఇంటికి కాదు, ఒక గదికి. ఆ గదిని ముందు డబ్బాలా మూయాలి. మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు వేసుకుని లోపల నిలబడి పైకి చూడండి. పెంకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా కనబడుతుంటే మీరు పెట్టబోయే చల్లదనం కూడా ఆ దారినే పోతుంది.

ఈ సంగతి నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను. పని నేర్చుకున్న కొత్తలో మా పెద్దమ్మ ఇంట్లో నాటు పెంకుల కింద, సీలింగు లేకుండానే రెండు టన్నుల ఏసీ బిగించాను. గది పెద్దది కాబట్టి పెద్ద ఏసీ అనుకున్నాను. రాత్రంతా మోటారు ఆగకుండా తిరిగింది. పెద్దమ్మ మాత్రం తెల్లారి విసనకర్ర పట్టుకునే లేచింది. "గాలి బాగానే ఉంది నాయనా, మంచానికి అటువైపు పోతోందంతే" అంది. ఆ నెల బిల్లు నేనే కట్టాను. తర్వాత సీలింగు వేయించి ఒకటిన్నర టన్ను పెడితే అదే గది గంటలో చల్లబడింది.

మండువా లోగిలి మొత్తం చల్లబడాలంటే ఎన్ని ఏసీలు కావాలి?

ఎన్ని పెట్టినా చల్లబడదు. నడిమధ్య ఆకాశం కనబడే ఇల్లు అది. వేడి గాలి పైకి పోవడానికే పెద్దలు అలా కట్టుకున్నారు. పడుకునే గది ఒక్కటి ఎంచుకుని దానికి పెట్టుకోండి. మండువాను దాని మానాన వదిలేయండి, సాయంత్రం ఆరు దాటాక అక్కడే హాయిగా ఉంటుంది.

ఏ గదికి పెట్టుకోవాలి?

పడమటి ఎండ గోడ మీద పడని గది, తలుపులు తక్కువున్న గది, పెరటి గోడను ఆనుకుని ఉన్న గది. ఈ మూడూ ఒక్క గదిలో దొరికితే అదృష్టం. దొరక్కపోతే పెరటి వైపు గదికే నా ఓటు. పైపు చిన్నదవుతుంది, నీళ్లు పోయే దారి సులువు, అవుట్‌డోర్ యూనిట్ చప్పుడు వీధి అరుగు మీద కూర్చున్నవాళ్లకు వినబడదు. వీధి గది గొప్పగా ఉంటుందని అక్కడే పెట్టమంటారు కొందరు. దానికి సగటున మూడు తలుపులుంటాయి.

కూలర్ సరిపోదా?

కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉన్న ఊళ్లలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన దగ్గర సముద్రపు తేమ. అసలే తడిగా ఉన్న గాలి ఇంకెంత నీటిని పీల్చుకుంటుంది? మే నెలలో మూసిన గదిలో కూలర్ పెడితే వేడికి ఉక్కపోత తోడవుతుంది. కిటికీ బయట పెట్టి, ఎదురు తలుపు తెరిచి ఉంచితే కొంత నయం.

ముందు ఏసీ కొనేసి ఇంటి పనులు మెల్లగా చేయించుకోవచ్చా?

అందరూ చేసేది అదే, వద్దని నేను చెప్పేదీ అదే. పాత ఇంట్లో ఏసీ కొనడం చివరి పని. ముందు పైకప్పు, తర్వాత సందులు, ఆపైన వైరు, ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు). ఇవయ్యాక చూస్తే రెండు టన్నులు కావాలనుకున్న గదికి ఒకటిన్నర సరిపోవచ్చు. ముందే కొనేస్తే పెట్టె నడవలో పడుంటుంది, వారంటీ మాత్రం కొన్న తేదీ నుంచే కరుగుతుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అలా మిగిలిన డబ్బుతో ఎర్త్ గొయ్యి తీయించుకోండి.

## గదిని సిద్ధం చేయడం

పెంకుల కింద ఏ సీలింగు వేయించాలి? జిప్సమా, పీవీసీనా?

జిప్సం చూడటానికి బాగుంటుంది, కానీ పెంకుటింట్లో వద్దంటాను. ఆషాఢం వానకు ఒక్క పెంకు జరిగితే చాలు, నీళ్లు పడి జిప్సం పలక ఉబ్బి మరక కడుతుంది. పీవీసీ పలకలు గానీ సిమెంటు ఫైబర్ బోర్డు గానీ వేయించండి. ఎత్తు తొమ్మిది, పది అడుగుల దగ్గర ఉంటే చల్లబరచాల్సిన గాలి తగ్గుతుంది, ఫ్యానుకూ చోటుంటుంది.

సీలింగు పైన రాక్‌వూల్ (రాతి పీచు పరుపు) గానీ థర్మోకోల్ గానీ పరిపిస్తే పెంకుల వేడి కిందికి దిగదు. థర్మోకోల్ అయితే వైర్లు దాని మీదుగా ఊరికే పోనివ్వకండి, పైపులో వేయించండి. ఇక అందరూ మర్చిపోయేది ఒకటుంది: సీలింగుకూ పెంకులకూ మధ్య ఖాళీని మూసేయకూడదు. చూరు దగ్గర గాలి ఆడాలి. లేదంటే ఆ ఖాళీ పొయ్యి మీద మూకుడులా కాగుతుంది, వాసాలు కూడా తేమకు పాడవుతాయి. గాలి ఆడే చోట సన్నటి ఇనుప జాలీ కొట్టించండి, ఎలుకలు రావు.

మా తాటి వాసాలు ఆ సీలింగు బరువు మోస్తాయా?

కళ్లతో చూసి చెప్పలేం. చెదపురుగు పైన తోలు వదిలి లోపల తినేస్తుంది. నేను స్క్రూడ్రైవర్ పిడితో వాసం పొడవునా తడుతూ పోతాను. గట్టి కర్ర టంగుమంటుంది, తిన్న కర్ర డొల్లగా మోగుతుంది. అనుమానమున్న చోట మొన గుచ్చితే తెలిసిపోతుంది. ఒక్కటి డొల్లగా మోగినా నేను వాసాలకు వేలాడదీయను. గోడ నుంచి గోడకు ఇనుప చట్రం వేయించి సీలింగును దాని మీద నిలబెట్టిస్తాను. ఖర్చు పెరుగుతుంది. నిద్రపోయేది దాని కిందే మరి.

తలుపుల పైన ఉన్న వెంటిలేటర్లు ఇటుకలతో మూసేయమంటారా?

వద్దు. లోపలి వైపు అక్రిలిక్ షీటును చెక్క బీడింగుతో బిగించండి. వెలుతురు వస్తుంది, గాలి పోదు, చలికాలంలో స్క్రూలు విప్పి తీసేయొచ్చు. ఇటుకలు కట్టేస్తే ఏసీ ఆగిన రోజు ఆ గదిలో ఉండలేరు.

మా తలుపు రెండు రెక్కలది. మధ్యలో వేలు దూరేంత సందు. ఏం చేయాలి?

టేకు తలుపు మార్చకండి. ఒక రెక్క అంచుకు రెండో రెక్క మీదికి వచ్చేలా సన్నటి చెక్క పట్టీ కొట్టించి, దానికి రబ్బరు బీడింగు అంటించండి. కింద గడప ఉంది కాబట్టి ఆ పక్క సగం పని పెద్దలే చేసి పెట్టారు. మిగిలిన సందుకు బ్రష్ పట్టీ దొరుకుతుంది. కిటికీ రెక్కలకూ ఇదే. అన్నట్టు, నీళ్ల గొట్టం కోసం గడపకు గాడి కొట్టమన్నవాళ్లూ ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ మాట ఎత్తకపోవడమే మంచిది.

మాది పాత డాబా. రాత్రి పదయినా స్లాబు సెగలు కక్కుతోంది. ఏసీ పెట్టినా అంతేనా?

పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి వదులుతుంది. మీ ఏసీ సగం శక్తి దాంతో కుస్తీకే పోతుంది. ముందు గుంతలు, పగుళ్లు పూడ్పించి, పైన తెల్లటి కూల్‌రూఫ్ పెయింటు రెండు పూతలు వేయించండి. అంత పెట్టుకోలేకపోతే సున్నం. సున్నం ఒక వానాకాలానికి పోతుంది, మళ్లీ మార్చిలో వేసుకోవాలి. అయినా చవకలో దాన్ని మించింది లేదు. మద్రాసు టెర్రస్ కప్పులకు (చెక్క దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసినవి) కూడా ఇదే మందు.

సున్నం గోడలు, మట్టి గోడలు ఏసీ చల్లదనానికి పాడైపోతాయా?

చల్లదనానికి పాడవవు, తేమ లోపల చిక్కుకుంటే పాడవుతాయి. సున్నం గోడ తేమను పీలుస్తుంది, వదులుతుంది. దాని మీద మెరిసే ప్లాస్టిక్ పెయింటు వేస్తే వదిలే దారి పోతుంది. అప్పుడు గార ఉబ్బి, తెల్లటి ఉప్పు పొర పూసి, పెచ్చులుగా రాలుతుంది. సున్నం వేసిన గోడను సున్నంతోనే ఉంచండి. నేల నుంచి ఎక్కే చెమ్మ ఉంటే ఏసీ కంటే ముందు తాపీ మేస్త్రీని పిలవండి.

## కరెంటు పనులు

ఇప్పుడున్న వైరింగుకే ఏసీ ప్లగ్గు తగిలించొచ్చా?

చెక్క పట్టీల మీద క్లిప్పులు కొట్టిన వైరింగు, పింగాణీ ఫ్యూజులు ఉన్న ఇల్లయితే ముమ్మాటికీ వద్దు. ఆ వైరు బల్బులకూ ఫ్యాన్లకూ వేసింది. ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తి జోరు మీద ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటలకొద్దీ. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తానే ఆగిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) వేయించండి. మధ్యలో అతుకులు ఉండకూడదు. గోడలు పగలగొట్టక్కర్లేదు, పీవీసీ పైపులో పైపైన వేయించుకోవచ్చు. పాత ఇంట్లో ఆ పైపు ఒక్కటీ కనబడితే పరువేం పోదు.

ఎర్త్ లేకపోతే ఏమవుతుంది? ఇన్నాళ్లూ లేకుండానే నడిచిందిగా?

ఇన్నాళ్లూ ఇంట్లో ఇంత పెద్ద ఇనప్పెట్టె పెరట్లో తడి నేల మీద లేదు. ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే అవుట్‌డోర్ యూనిట్ రేకంతా కరెంటవుతుంది. బట్టలారేస్తూ తడి కాళ్లతో దానికి చెయ్యి ఆనించేది ఇంట్లో ఆడవాళ్లే.

కొన్ని ఇళ్లలో ప్లగ్గుకు మూడో పిన్ను ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. ఇంకొన్ని ఇళ్లలో ఆ వైరును న్యూట్రల్‌కు కలిపేసి ఎర్త్ అని చెప్తారు, అది మరీ ప్రమాదం. పెరట్లో గొయ్యి తీయించి, రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించండి. ఇసుక నేలల్లో ఎండాకాలం గొయ్యి ఎండిపోతుంది, వారానికోసారి రెండు బిందెలు పోయండి. పరీక్ష మాత్రం మీరు చేయకండి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

మీటరు లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలా?

పెట్టాలి. పాత సర్వీసుల్లో చాలావాటికి ఒక కిలోవాట్ లోపే రాసి ఉంటుంది. ఏసీ ఒక్కటే దాన్ని దాటేస్తుంది. మన రెండు జిల్లాలూ కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ కిందివే. దాని వెబ్‌సైటులో గానీ, మీ సెక్షన్ ఆఫీసులో గానీ అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోవచ్చు, అనుమానాలకు 1912కు ఫోను చేయొచ్చు. వీధిలో అందరూ చెప్పకుండా ఏసీలు పెట్టేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మే నెలలో రాత్రి పదకొండింటికి కాలిపోతుంది. పోలు నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు పాతబడి ఉంటే అదే సమయంలో మార్పించేయండి.

మా ఊళ్లో రాత్రిపూట లో వోల్టేజీ. స్టెబిలైజర్ తప్పదా?

ముందు కొలవండి. ఎండాకాలం రాత్రి తొమ్మిదికీ పదకొండుకూ మధ్య, వీధంతా ఫ్యాన్లు, ఏసీలు తిరిగే వేళ, మల్టీమీటరుతో నాలుగు రోజులు చూసి రాసుకోండి. పగలు 230 చూపించే ఊళ్లోనే ఆ వేళకు 170 చూపించిన ఇళ్లు నాకు తెలుసు. చాలా ఇన్వర్టర్ ఏసీలు స్టెబిలైజర్ అక్కర్లేదంటాయి, కానీ అది వాళ్లు పెట్టె మీద రాసిన వోల్టేజీ హద్దుల్లోపలే. మీ అంకె ఆ హద్దుకు కిందుంటే ఒకటిన్నర టన్నుకు 4 కేవీఏ స్టెబిలైజర్ పెట్టుకోండి. వీధి చివరి పోలు ఇల్లయితే నేను అడక్కుండానే పెట్టేస్తాను.

ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినా నడుస్తుందనేగా?

కాదు. వారానికి ఒక్కరైనా అడిగే ప్రశ్న ఇది, తప్పు పేరుదే. మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించి పెంచే ఏర్పాటును అక్కడ ఇన్వర్టర్ అంటారు. మీ ఇంట్లో బ్యాటరీతో ఫ్యాన్లు తిప్పే ఇన్వర్టర్‌కూ దానికీ చుట్టరికం లేదు. ఆ బ్యాటరీకి ఏసీ తగిలించకండి.

సోలార్ పెట్టిస్తే బిల్లు బాధ తప్పుతుందా?

పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. డాబా అయితే ఆలోచించండి. కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని జాగా కావాలి. పెంకుల మీద పలకలు వద్దు. బ్యాటరీ లేని మామూలు సోలార్ కరెంటు పోగానే ఆగిపోతుందని కూడా తెలుసుకోండి.

## ఏది కొనాలి

మా గది 12 అడుగులకు 14. ఎన్ని టన్నులు కావాలి?

మామూలు లెక్కన 120 చదరపు అడుగుల దాకా ఒక టన్ను, 180 దాకా ఒకటిన్నర. మీది 168, అంటే ఒకటిన్నర. ఈ లెక్క పదడుగుల ఎత్తున్న గదికి. పాత ఇళ్లలో పదమూడు, పద్నాలుగు అడుగుల ఎత్తుంటుంది. అంత ఎత్తులో గాలి దాదాపు మూడో వంతు ఎక్కువ. సీలింగు దించితే ఒకటిన్నరతో సరి. దించకపోతే రెండు, అయినా గ్యారంటీ ఇవ్వను. టన్ను అంటే బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి తోడే శక్తి. మంచుగడ్డల కాలం నాటి లెక్క అది, ఒక టన్ను ఐసు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో అంత.

త్రీ స్టార్ చాలా, ఫైవ్ స్టార్ కావాలా?

రాత్రి మాత్రమే, నాలుగు నెలలు వాడేవాళ్లకు త్రీ స్టార్ ఇన్వర్టర్ చాలు. ఇంట్లో పెద్దవాళ్లుండి మధ్యాహ్నం కూడా వేస్తే ఫైవ్ స్టార్. నక్షత్రాల కొలమానాన్ని అప్పుడప్పుడూ కఠినం చేస్తుంటారు, కాబట్టి స్టిక్కర్ మీద ఏ ఏడాదికి చెందిందో, ఐఎస్ఈఈఆర్ అంకె (కాల్చిన కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది) ఎంతో చూడండి. అంకె పెద్దదైతే మంచిది. మిగిలిన డబ్బు సీలింగుకు పెడితే రెండు నక్షత్రాల కంటే ఎక్కువే ఆదా అవుతుందని నా అనుభవం.

అద్దె ఇల్లు, గోడకు రంధ్రం పెట్టనివ్వరు. మరెలా?

విండో ఏసీ. పాత ఇళ్ల కిటికీలు పెద్దవి, ఊచలు చెక్కకే బిగించి ఉంటాయి. వడ్రంగి రెండు మూడు ఊచలు జాగ్రత్తగా తీసి దాచిపెడితే, వెళ్లేటప్పుడు మళ్లీ బిగించి ఇచ్చేయొచ్చు. ముందే ఇంటివాళ్లకు చెప్పండి. చప్పుడు కొంచెం ఎక్కువ, బిగింపు మాత్రం సగం పూటలో అయిపోతుంది.

సముద్రం దగ్గర ఇళ్లకు ఏసీలు తొందరగా పోతాయంటారు. నిజమేనా?

నిజం. కళింగపట్నం, బారువ, భావనపాడు, ఇటు భోగాపురం, పూసపాటిరేగ తీరం ఊళ్లలో ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్ రెక్కలను తినేస్తుంది. వేలితో రుద్దితే అల్యూమినియం రెక్క తెల్లటి పిండిలా రాలిన యూనిట్లు నేను చూశాను. రాగి కాయిల్ ఉండి, రెక్కలకు నీలం లేదా బంగారు రంగు రక్షణ పూత ఉన్నది తీసుకోండి. సముద్రపు గాలి నేరుగా తగలని గోడ పక్కన పెట్టండి. నెలకోసారి, స్విచ్ ఆపి, మామూలు మంచినీళ్లతో మెల్లగా కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కడగకపోవడమే మేలు.

## బిగించే రోజు

"ఏటి బావూ, గోడ కూలిపోదు కదా?"

బొబ్బిలి దగ్గర ఒక మామ్మగారు అడిగిన ప్రశ్న, ఆమె మాటల్లోనే పెట్టాను. కూలదు, కానీ సుత్తీ ఉలీ పట్టుకుంటే గార మాత్రం చాపలా ఊడి వస్తుంది. ఇటుక, సున్నం గోడ అయితే రెండున్నర, మూడంగుళాల కోర్ కటింగ్ మిషన్‌తో కోయించండి. అడుగున్నర మందం గోడకు ఓపిగ్గా పోవాలి. మట్టి గోడకు నీళ్లు పోసి కోసే మిషన్ వాడనివ్వకండి, చుట్టూ గోడ బురదవుతుంది. రంధ్రం బయటి వైపు కొంచెం వాలుగా ఉండాలి, లోపల పీవీసీ గొట్టం తొడగాలి, పని అయ్యాక చుట్టూ మూయాలి. మూయని రంధ్రం ఎలుకకు దారి, ఎలుక వెనక పాముకు దారి.

ఇండోర్ యూనిట్ పది, పన్నెండు కిలోలుంటుంది. మట్టి గోడలో ప్లాస్టిక్ గుల్లలు పట్టవు. గోడకు అడ్డంగా మందపాటి టేకు చెక్క పెట్టి, గోడ అవతలి వైపు ఇనుప పలకతో ఆరుపార బోల్టులు వేసి, ఆ చెక్కకు యూనిట్ బిగిస్తాను.

గోడనే ముట్టుకోవద్దన్న ఇళ్లలో రాగి పైపులను వెంటిలేటర్‌లోంచి తీసుకెళ్లాను. కాకపోతే నీళ్ల గొట్టం పైకెక్కదు కాబట్టి దానికొక చిన్న రంధ్రం తప్పదు. మామ్మగారు ఆ ఒక్కదానికి ఒప్పుకున్నారు, అదీ మంగళవారం కాకుండా.

అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టాలి?

పెంకుల మీద, చూరు మీద వద్దు. పెరట్లో అడుగున్నర ఎత్తు సిమెంటు దిమ్మ కట్టించి బోల్టులతో బిగించండి. వెనక కనీసం అడుగు, ముందు నాలుగైదు అడుగులు ఖాళీ ఉండాలి. నీడ మంచిదే కానీ చుట్టూ గోనెలు, రేకులు కట్టి మూయకండి, వేడి గాలి పోయే దారి కావాలి. నాగావళి, వంశధార గట్ల ఊళ్లలో పోయినసారి వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడిగి దిమ్మ అంతకు పైన కట్టండి. బల్లులు, చీమలు సర్క్యూట్ బోర్డులోకి దూరి షార్ట్ అవడం ఇక్కడ మామూలు, వైరు దూరే కన్నాలన్నీ మూయించండి.

మెకానిక్ తొందరలో ఉన్నాడు. దగ్గరుండి చూడాల్సింది ఏమిటి?

ఒక్కటే: వాక్యూమ్ పంపు తెచ్చాడా. పైపులు కలిపాక లోపలి గాలి, తేమ పంపుతో పదిహేను, ఇరవై నిమిషాలు లాగాలి. కొందరు యూనిట్‌లోని గ్యాసునే కొంచెం వదిలి గాలిని తోసేస్తారు. ఆ రోజు చల్లగానే ఉంటుంది. లోపల చిక్కిన తేమ ఏడాదో రెండేళ్లో కంప్రెసర్ ప్రాణం తీస్తుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వచ్చే ఆర్-32 గ్యాసుకు మండే గుణం కొంత ఉంది, ఆ పని జరిగేటప్పుడు పక్కన బీడీ వెలిగించనివ్వకండి. పెట్టెలో సాధారణంగా 3 మీటర్ల పైపే ఉంటుంది. అదనపు అడుగుకు ఎంతో ముందే మాట్లాడుకోండి, గొడవలన్నీ అక్కడే.

## వాడకం

నెలకు బిల్లు ఎంత పెరుగుతుంది?

బాగా మూసిన గదిలో ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలకు 6 యూనిట్లు కాలుస్తుందనుకుందాం, నెలకు 180. ఇప్పుడు మీ వాడకం 150 యూనిట్లయితే మొత్తం 330 అవుతుంది. 2022-23 టారిఫ్ ఉత్తర్వుల్లోని ధరలు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఆ లెక్కన 150 యూనిట్లకు 567 రూపాయలయ్యేది 330కి 1,936 అవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు వేరే. చూశారుగా, యూనిట్లు రెట్టింపు కాస్త దాటితే బిల్లు మూడింతలు దాటింది. ఏసీ యూనిట్లన్నీ ఖరీదైన మెట్లలో పడతాయి కాబట్టే తలుపు సందు మూయడానికి అంత విలువ.

ఎన్ని డిగ్రీల్లో పెట్టాలి?

26 లేదా 27లో పెట్టి ఫ్యాన్ మెల్లగా తిప్పండి. 2020 జనవరి నుంచి ఏసీ వేయగానే 24 దగ్గర మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. 18లో పెడితే తొందరగా చల్లబడుతుందనుకోవడం భ్రమ, అదే వేగంతో ఎక్కువసేపు తిరుగుతుందంతే.

వానాకాలంలో గది చల్లగానే ఉంటుంది, కానీ ఒళ్లంతా జిగట. ఏం చేయాలి?

రిమోట్‌లో నీటి చుక్క బొమ్మ ఉన్న డ్రై మోడ్ వేయండి. చల్లదనం కంటే తేమ తీయడం మీద పనిచేస్తుంది.

బాలింత గదిలో ఏసీ వేసి కుంపటి కూడా పెట్టుకోవచ్చా?

వద్దు. ఈ ఒక్క జవాబు దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. పురుడు పోసుకున్న ఆడపిల్లకు, బిడ్డకు సాంబ్రాణి వేయడం, కుంపటి సెగ పెట్టడం మన వైపు అలవాటు. పెంకుల సందులున్న గదిలో పొగ పోయేది. ఇప్పుడు మనం ఆ సందులన్నీ మూసేశాం. మూసిన గదిలో బొగ్గులు రాజుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, మత్తుగా నిద్రలోనే ప్రాణం పోతుంది. ఏసీ ఆ గాలినే తిప్పుతుంది, బయటి గాలిని తేదు. పొగ వేయాలనుకుంటే ఏసీ ఆపి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, కుంపటిని బయటికి తెచ్చాకే మళ్లీ మూయండి. దోమల కాయిల్ కూడా మూసిన గదిలో వద్దు, దోమతెర కట్టుకోండి.

ఏటేటా గ్యాసు నింపించాలంటున్నారు. నిజమేనా?

గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు మూయకుండా నింపితే మళ్లీ వేసవికి అదే కథ. ఫిల్టర్లు మాత్రం రెండు వారాలకోసారి మీరే తీసి కడగండి, మట్టి గోడల ఇళ్లలో దుమ్ము ఎక్కువ.

తుఫాను హెచ్చరిక వచ్చింది. ఏసీని ఏం చేయాలి?

ఎంసీబీ ఆపేయండి, స్టెబిలైజర్ ప్లగ్గు పీకేయండి, అవుట్‌డోర్ యూనిట్ బోల్టులు బిగువుగా ఉన్నాయో చూడండి. దాని చుట్టూ పట్టా కట్టకండి, గాలికి తెరచాపలా లాగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లే వేళ్లతో లేచాయి. గోడకు రెండు కొక్కేలతో వేలాడే యూనిట్ ఏపాటిది? కరెంటు తిరిగి వచ్చాక ఒక పూట ఆగి, వోల్టేజీ నిలకడగా ఉందని చూసుకుని వేయండి. యూనిట్ నీళ్లలో మునిగితే మెకానిక్ విప్పి ఆరబెట్టేదాకా స్విచ్ జోలికి పోవద్దు.

ఏసీ నుంచి కారే నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా?

పోయకండి. వాననీళ్లలా కనబడినా అవి కాయిల్ మీది దుమ్ము, లోహపు రేణువులు కడుక్కుని వస్తాయి. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే. ఈ నీళ్లు తాగడానికీ పనికిరావు. ఉక్కపోత రాత్రి బకెట్ నిండుతుంది, పొద్దున్నే గచ్చు తుడుచుకోవచ్చు, తులసికోట పక్కనున్న మందార మొక్కకు పోయొచ్చు. ఇంకా మిగిలితే ఎర్త్ గొయ్యిలో పోసేయండి.